సొమ్ములు పంచుకున్నారు సరే, పన్ను బాకీ ఎవరిది?

ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా మా మెట్ట పల్లెల్లో ఎవరింట్లో అయినా విడుపు కాయితం ఉంటే ఒకసారి తీసి చదవండి. స్టాంపు కాయితం మీద పెద్దమనుషులు కూర్చోని రాయించింది. పెళ్లిలో పెట్టిన బంగారం ఎన్ని సవర్లు, బీరువా ఎవరికి, మంచం ఎవరికి, బర్రె ఎవరు తోలుకుపోవాల, పిల్లకాయలు ఎవరి దగ్గర ఉండాల, అన్నీ ఉంటాయి. చివర్న ఒక లైను ఉంటది. ఎవరి పేరున ఉన్న అప్పులు వాళ్లే తీర్చుకోవాలని.

వినడానికి ధర్మంగానే ఉండాది. నీ అప్పు నీది, నా అప్పు నాది. కానీ వ్యాపారం మొగుడిది, దాని జీఎస్టీ నంబరు పెళ్లానిది అయితే? అప్పుడు ఆ ఒక్క లైనుతో మొగుడి పన్ను బాకీ మొత్తం పెళ్లాం నెత్తికి ఎత్తినట్టే. సంతకం పెట్టిన ఆమెకి ఆ సంగతి తెలియదు. రాయించిన పెద్దమనుషులకీ తెలియదు. తెలిసినోడు ఒక్కడే, వాడు నోరు ఎత్తడు.

ఇది ఎందుకు ఇప్పుడు మాట్లాడాలంటే, రెండు సంగతులు. ఒకటి, 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 నాటి కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చారు. రెండు, 2025 బడ్జెట్ కు ముందు చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ, మొగుడూపెళ్లాలు కలిసి ఒకే రిటర్ను వేసుకునే వీలు పెట్టమని కేంద్రానికి సూచన చేసింది. ఒక్కరి సంపాదన మీదే బతికే కుటుంబానికి పన్ను తగ్గుద్ది అని దాని వాదన. మంచిదే కావచ్చు. కానీ ఉమ్మడి రిటర్ను వచ్చిన చోట ఉమ్మడి బాకీ కూడా వస్తది. సంసారం విడిపోయినాక ఆ బాకీ ఎవరు మొయ్యాలో ముందే రాసుకోకపోతే ఎవరు మొయ్యాల్సి వస్తదో మన ఊళ్ల సంగతి తెలిసినోళ్లకి చెప్పబళ్లే.

మన దేశంలో ఇప్పుడు ఎట్టా ఉంది?

ఇప్పటికైతే మన దగ్గర మొగుడూపెళ్లాలకి ఉమ్మడి పన్ను అనేది లేదు. ఎవరి పాన్ నంబరు వాళ్లది, ఎవరి రిటర్ను వాళ్లది. మొగుడా, పెళ్లామా అనేది పన్ను ఆఫీసు చూడదు. నంబరు ఎవరిది అనేదే చూస్తది. కాబట్టి మొగుడు తన పేరున కట్టాల్సిన ఆదాయపు పన్ను ఎగ్గొడితే, పెళ్లాం అయిన పాపానికి ఆమె మీదికి నోటీసు రాదు. ఇది మంచి నియమం.

అయితే దీనికి పక్కదోవలు ఉన్నాయి. మొగుడు సరైన బదులు లేకుండా తన ఆస్తిని పెళ్లాం పేరున పెట్టాడనుకోండి. దాని మీద వచ్చే ఆదాయం మొగుడి లెక్కలోనే కలుపుతారు. పాత చట్టంలో ఇది సెక్షన్ 64. ఇంతవరకే చాలా మందికి తెలుసు. దాని పక్కనే ఉన్న సెక్షన్ 65 సంగతి తెలిసినోళ్లు తక్కువ. ఆఫీసరు డిమాండు నోటీసు ఇస్తే, ఆ ఆదాయానికి పడే పన్ను భాగాన్ని ఆస్తి ఎవరి పేరున ఉందో వాళ్లు కట్టాల్సిందే. అంటే ఆస్తి పేరుకి ఆమెది, ఆదాయం లెక్కకి ఆయనది, వసూలుకి మాత్రం ఇద్దరూ దొరుకుతారు.

రెండోది భాగస్వామ్య ఫర్మ్. మొగుడు, పెళ్లాం, మొగుడి తమ్ముడు కలిసి ఒక ఫర్మ్ పెడతారు. పేరుకి ఆమె పార్ట్నరు, వంటింట్లోంచి వచ్చి సంతకం పెట్టి పోతది. జీఎస్టీ చట్టం సెక్షన్ 90 ప్రకారం ఫర్మ్ బాకీకి ప్రతి పార్ట్నరూ విడిగానూ, కలిసీ బాధ్యులే. ఫర్మ్ లోంచి తప్పుకుంటే ఆ మాట రాతపూర్వకంగా కమిషనర్ కి తెలియజేయాల. నెల లోపల చెప్పకపోతే, చెప్పిన రోజు దాకా బాధ్యత నడుస్తానే ఉంటది. విడాకులు తీసుకున్నా, పుట్టింటికి పోయి పదేళ్లయినా, ఆ కాయితం ఇవ్వకపోతే ఆమె ఇంకా పార్ట్నరే.

మూడోదే మన పల్లెల్లో ఎక్కువ నష్టం చేసేది. మొగుడి సిబిల్ స్కోరు పాడైపోయింటది, లేదా పాత జీఎస్టీ నంబరు రద్దయిపోయింటది. పెళ్లాం పేరున పాన్ ఉంది, ఆధార్ ఉంది, బ్యాంకు ఖాతా ఉంది. సిమెంటు అంగడికో, హార్డ్‌వేర్ కొట్టుకో, కాంట్రాక్టు పనికో ఆమె పేరున రిజిస్ట్రేషన్ తీస్తారు. ఓటీపీ మాత్రం మొగుడి ఫోనుకి వస్తది. లాగిన్ ఆడిటరు దగ్గర ఉంటది. ఆమెకి తెలిసింది ఒకటే, ఎప్పుడో ఒకరోజు ఫొటో దిగి వేలిముద్ర వేసింది.

ఒక లెక్క వేసి చూద్దాం

మాటలతో కాదు, అంకెలతో చూస్తే బాగా అర్థమైద్ది. ఉదాహరణకి అట్టాంటి అంగట్లో 3 లక్షల జీఎస్టీ కట్టకుండా వదిలేశాడు అనుకోండి. చట్టం ప్రకారం వడ్డీ ఏడాదికి 18 శాతం. రెండేళ్లకి 1,08,000. మొత్తం 4,08,000. దీని మీద రిటర్నులు లేటైనందుకు ఫీజులు వేరే. మోసం చేసి ఎగ్గొట్టారని తేలితే పన్ను ఎంతో జరిమానా అంత. అంటే ఇంకో 3 లక్షలు. 7 లక్షలు దాటిపోయింది. మనోవర్తి కింద నెలకి 5 వేలు వచ్చే ఆడమనిషికి అది పదకొండేళ్ల మనోవర్తి కంటే జాస్తి.

నోటీసు వచ్చినప్పుడు చూసుకుంటాంలే అనుకోబాకండి. జీఎస్టీ చట్టంలో నోటీసు ఇచ్చే దోవల్లో పోర్టల్లో పెట్టడం కూడా ఒకటి. లాగిన్ ఎవరి చేతిలో ఉందో వాళ్లకే కనపడుద్ది. రిటర్నులు వెయ్యకపోతే ఆఫీసరు తనకి తోచిన అంచనాతో పన్ను కట్టి ఆర్డరు ఇవ్వొచ్చు. 60 రోజుల్లోపల రిటర్ను వేసి కడితే ఆ ఆర్డరు రద్దయినట్టే. ఆ 60 రోజులు ఆమెకి తెలియకుండానే గడిచిపోతాయి. అప్పీలుకి మూడు నెలలు గడువు. దానికీ వివాదంలో ఉన్న పన్నులో 10 శాతం ముందే కట్టాల. మన లెక్కలో 30 వేలు. ఆమెకి సంగతి తెలిసేది పొదుపు గ్రూపు డబ్బులు తీసుకుందామని బ్యాంకుకి పోయినప్పుడే. ఖాతా అటాచ్ అయింది అంటారు.

రిజిస్ట్రేషన్ రద్దయిపోయింది కదా, ఇంకేముంది అనుకునేవాళ్లూ ఉన్నారు. రద్దు అయ్యేది ముందుకి మాత్రమే. వెనక బాకీ అట్నే ఉంటదని అదే చట్టం సెక్షన్ 29 చెప్తా ఉంది.

స్టాంపు కాయితం ఎందుకు ఆగదు?

ఇక్కడ రెండు వేరు వేరు సంగతుల్ని కలిపి చూడకూడదు. మొగుడూపెళ్లాల మధ్య ఒప్పందం వాళ్లిద్దర్నే కట్టేస్తది. ప్రభుత్వాన్ని కట్టెయ్యదు. పాత బాకీలన్నీ నేనే కడతా అని ఆయన కోర్టులో రాసిచ్చినా సరే, పన్ను ఆఫీసు ఆమె దగ్గరికే వస్తది, ఎందుకంటే నంబరు ఆమెది. అట్టని ఆ రాత పనికిరాదు అని కాదు. ఆమె కట్టాల్సి వస్తే ఆ డబ్బులు ఆయన దగ్గర రాబట్టుకోవడానికి అదే ఆధారం. కాంట్రాక్టు చట్టంలో నష్టపరిహారపు హామీ అని ఒకటి ఉంది. అట్టాంటి మాట రాయించుకుంటే ఆమె కోర్టుకి పోయి నిలబడగలదు. ఎవరి పేరున ఉన్నవి వాళ్లవే అని రాయించుకుంటే ఆ దోవ కూడా మూసుకుపోతది.

ఇంకో మాట. హిందువుల్లో ఊరి పెద్దమనుషుల కాయితంతో విడాకులు చట్టం ముందు నిలబడాలంటే ఆ కులంలో అట్టాంటి ఆచారం ఉందని రుజువు చెయ్యాల. లేకపోతే కోర్టు డిక్రీనే దిక్కు. అంటే చాలా మంది చట్టం లెక్కలో ఇంకా మొగుడూపెళ్లాలే, ఊరి లెక్కలో కాదు. పన్ను చిక్కు వచ్చిందంటే ఈ రెండింటి నడుమ ఆమె ఇరుక్కుంటది.

కోర్టు దాకా పోతే ఒక మంచి ఆయుధం ఉంది. 2020 నవంబరు 4న రజనీష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు, మనోవర్తి కేసుల్లో ఇద్దరూ ఆస్తులతో పాటు అప్పుల వివరాలు కూడా అఫిడవిట్ లో పెట్టాలని చెప్పింది. మా వైపు ఆ అఫిడవిట్ ని ఆయనకి జీతం ఎంత, పొలం ఎన్ని ఎకరాలు అనే దాకానే వాడుతున్నారు. నా పేరున నువ్వు పెట్టిన బాకీ ఎంత అని అడగడానికి కూడా వాడొచ్చు. వాడాల.

అమెరికాలో ఏం చేశారు?

మన నెల్లూరు పిల్లకాయలు అమెరికాలో తక్కువేం లేరు, వాళ్లకి ఇది బాగా తెలిసిన సంగతి. అక్కడ మొగుడూపెళ్లాలు కలిసి ఒకే రిటర్ను వెయ్యొచ్చు, చాలా మంది అట్టే వేస్తారు. ఆ రిటర్ను మీద సంతకం పెట్టిన ఇద్దరూ మొత్తం బాకీకి బాధ్యులే. విడాకుల డిక్రీలో మొగుడే కట్టాలని జడ్జి రాసినా అక్కడి పన్ను శాఖ ఐఆర్ఎస్ కి అది లెక్క కాదు. ఇద్దర్లో ఎవర్నైనా పట్టుకుంటది. భాష రాక, ఉద్యోగం లేక, ఆయన చూపించిన చోట సంతకం పెట్టిన ఆడపిల్ల విడాకులయ్యాక నోటీసు చూసి బిత్తరపోతది.

ఈ అన్యాయం అక్కడి ప్రభుత్వానికీ తెలిసొచ్చింది. 1998లో చట్టం మార్చి మూడు రకాల ఊరట పెట్టారు. మొదటిది, మొగుడు రిటర్నులో తప్పుడు లెక్క రాశాడని పెళ్లానికి తెలియకపోతే, తెలిసే అవకాశం కూడా లేకపోతే ఆ బాకీ నుంచి ఆమెని తప్పిస్తారు. రెండోది, విడాకులయినోళ్లకి, ఏడాదిగా విడిగా ఉంటున్నోళ్లకి, తక్కువ చూపించిన పన్నుని ఎవరి భాగం వాళ్లకి విడగొడతారు. మూడోది, పై రెండూ కుదరకపోయినా మొత్తం పరిస్థితి చూసి, ఆమె దగ్గర వసూలు చెయ్యడం అన్యాయం అనిపిస్తే వదిలేస్తారు. దీనికంతా 8857 అనే ఒక ఫారం ఉంది. అమెరికాలో ఉన్న మీ అక్కచెల్లెళ్లకి ఈ నంబరు పంపండి. మొదటి రెండు రకాలకి, వసూలు మొదలయిన కాడ్నుంచి రెండేళ్ల లోపల అడగాల.

ఐసీఏఐ సూచన మీద రేపు మన దగ్గర ఉమ్మడి రిటర్ను వస్తే, ఈ ఊరట కూడా దాంతో పాటే రావాల. ముందు రిటర్ను, తర్వాత చూద్దాం అంటే ఆ తర్వాత అనేది రాదు.

సంతకం ఎవరిది, చెయ్యి ఎవరిది, లాభం ఎవరిది?

ఇప్పుడు అసలు ప్రశ్న. విడిపోయినప్పుడు బాకీని ఎట్టా పంచాల? సగం సగం అంటే కుదరదు. పేరును బట్టి అంటే అంతకంటే అన్యాయం. మూడు ప్రశ్నలు వేసి పంచాలని నా వాదన. సంతకం ఎవరిది? వ్యాపారం నడిపిన చెయ్యి ఎవరిది? దాని లాభం ఎవరు తిన్నారు? సంతకం ఒక్కటే ఆమెది అయితే బాకీ ఆయనది. తెలిసి నడిపి, లాభంతో బంగారం కొనుక్కోనుంటే ఆమె కూడా మొయ్యాల. మొగోడి పేరున ఆడమనిషి వ్యాపారం చేసినా ఇదే లెక్క. ఇది ఆడోళ్లకి రాయితీ అడగడం కాదు.

ఈ ఆలోచన మన చట్టాలకి కొత్తదేం కాదు. మన రాష్ట్రంలో బండి పన్ను చట్టం చూడండి. పన్ను కట్టాల్సింది రిజిస్టరు అయిన ఓనరు, లేదా బండి ఎవరి చేతిలో, ఎవరి అదుపులో ఉందో వాళ్లు. లారీకి ఉన్న న్యాయం ఆడమనిషికి లేదా? జీఎస్టీ చట్టంలోనే సెక్షన్ 122 లో 1ఏ అని ఒక ఉపవిభాగం 2021 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దొంగ బిల్లుల్లాంటి కొన్ని తప్పుల్లో, ఎవరు చేయించారో, ఎవరు లాభం దక్కించుకున్నారో వాళ్లకి కూడా జరిమానా వెయ్యొచ్చు, పేరు ఎవరిదయినా సరే. అంటే పేరు వెనక మనిషి ఉంటాడని చట్టానికి తెలుసు. జరిమానా వరకు తెలిసింది పన్ను వసూలు దగ్గరికి వచ్చేటప్పటికి ఎందుకు మర్చిపోవాల?

దీనికి ఒక అడ్డు మాట వస్తది. అట్టా వదిలేస్తే అందరూ పెళ్లాం పేరున వ్యాపారం పెట్టి, దొంగ విడాకులు తీసుకోని పన్ను ఎగ్గొడతారు కదా అని. న్యాయమైన అనుమానమే. కానీ నేను అడిగేది బాకీ కొట్టెయ్యమని కాదు, సరైన మనిషి మీదికి తిప్పమని. ఖజానాకి ఒక్క రూపాయి తగ్గదు. ఎవరు నడిపారో తేల్చడం కష్టమా అంటే, కాదు. ఓటీపీ పోయిన ఫోను నంబరు ఎవరిదో, ఖాతాలోంచి డబ్బులు ఎవరికి పోయాయో, వే బిల్లులు ఎవరు తీశారో అన్నీ కంప్యూటర్లో ఉన్నాయి. పది వేల రూపాయల తేడాని పట్టుకునే కంప్యూటరు ఈ సంగతి పట్టుకోలేదా?

మన పొదుపు గ్రూపుల్లో ఆడోళ్లకి ఉమ్మడి బాధ్యత అంటే ఏందో ఎవరూ కొత్తగా నేర్పబళ్లే. ఒకరు కంతు కట్టకపోతే మిగతావాళ్లు సర్దుతారు. కానీ ఆడ మీటింగులో కూర్చుంటారు, ఎంత తీసుకున్నారో వింటారు, తీర్మానం పుస్తకంలో సంతకం పెడతారు. తెలిసి తీసుకున్న బాధ్యత అది. తెలియకుండా నెత్తిన పడింది బాధ్యత కాదు, బరువు.

ఇప్పుడు మీరు చెయ్యగలిగింది

చట్టం మారేలోపల ఫోను చేతిలో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు మీ ఇంటి ఆడోళ్లకి ఈ పని చేసి పెట్టండి.

1. జీఎస్టీ పోర్టల్లో పాన్ నంబరు కొట్టి వెతికే సౌకర్యం ఉంది. లాగిన్ అక్కర్లేదు, రూపాయి ఖర్చు లేదు. ఆమె పాన్ మీద ఎన్ని రిజిస్ట్రేషన్లు ఉన్నాయో కనపడతాయి.

2. ఆదాయపు పన్ను పోర్టల్లో ఆమె పేరున లాగిన్ తీసి వార్షిక సమాచార పత్రం చూడండి. ఆమెకి తెలియని అమ్మకాలు, వడ్డీలు, లావాదేవీలు అందులో బయటపడతాయి.

3. లాగిన్ మొగుడి చేతిలో ఉంటే, గుర్తింపు కాయితాలతో వాణిజ్య పన్నుల ఆఫీసుకి పోయి ఫోను నంబరు, మెయిలు మార్పించుకోవచ్చు. ముందు ఈ పని, ఆ తర్వాతే మిగతా పంచాయితీ.

4. వ్యాపారం ఆగిపోయింటే రిజిస్ట్రేషన్ రద్దుకి అర్జీ పెట్టాల. రద్దయినాక మూడు నెలల్లో ఆఖరి రిటర్ను వెయ్యాల. పార్ట్నరు అయితే తప్పుకున్న నెల లోపల రాతపూర్వకంగా చెప్పి, ముట్టినట్టు రసీదు తీసుకోవాల.

5. విడుపు కాయితంలో గానీ, కోర్టు రాజీలో గానీ వ్యాపారం పేరు, జీఎస్టీ నంబరు, ఏ తేదీ దాకా బాకీ ఎవరు కట్టాలో రాయించండి. ఆమె కట్టాల్సి వస్తే వడ్డీతో సహా ఆయన తిరిగి ఇవ్వాలని రాయించండి.

6. లాయరు ఖర్చుకి భయపడబాకండి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడోళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసాయం ఉంది. 15100 కి ఫోను చెయ్యొచ్చు.

పెద్దమనుషులకి కూడా ఒక మాట. బంగారం తూకం వేసినంత జాగ్రత్తగా పాన్ నంబరు తూకం వెయ్యండి. పెన్ను పట్టే ముందు ఈమె పేరున ఏం వ్యాపారం నడిపావురా అని ఆ మొగోణ్ని సభలో అడగండి.

ప్రభుత్వాన్ని అడగాల్సింది మూడు. ఒకరి పేరున రిజిస్ట్రేషన్ అడిగితే వాళ్ల సొంత నంబరుకే ఓటీపీ పోవాల, ఆఫీసరు వాళ్లతో తెలుగులో మాట్లాడి నీ బాధ్యత ఇది అని చెప్పాల. విడిపోయిన మనిషి తనకి తెలియని బాకీ మీద అర్జీ పెట్టుకుంటే, విచారణ ముగిసేదాకా ఖాతా అటాచ్ చెయ్యకూడదు. నడిపిందీ తిన్నదీ ఇంకొకరని తేలితే పన్ను వాళ్ల దగ్గరే వసూలు చెయ్యాల.

ఇది ఇంత చిన్న ఊళ్ల నుంచి అడిగితే అయ్యే పనేనా అంటారేమో. కలిగిరి మండలం దూబగుంట ఎక్కడుందో ఒకసారి గుర్తు చేసుకోండి. ఉదయగిరి నియోజకవర్గమే. 1990ల మొదట్లో రోసమ్మ, ఆమెతో పాటు ఆ ఊరి ఆడోళ్లు సారా అంగడి మూయించినప్పుడు సర్కారుకి సారా మీద వచ్చే ఆదాయం అడ్డంగా నిలబడింది. మొగోడి తాగుడు మీద ఖజానాకి డబ్బులు, దాని బాకీ మాత్రం మా ఇంటికా అనేదే ఆ పోరాటం లోపలి లెక్క. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా బందయింది. 1995 జనవరిలో మద్యనిషేధం వచ్చింది. అది నిలవకపోయినా, పన్ను లెక్కని ఆడోళ్ల వైపు నుంచి చదవొచ్చని దేశానికి చూపించింది ఈ మెట్ట సీమే.

ఇప్పుడు చదవాల్సిన లెక్క జీఎస్టీ పోర్టల్లో ఉంది. ఈ రాత్రికి మీ అమ్మ పాన్ కార్డు, మీ అక్క పాన్ కార్డు తీసుకోని ఆ నంబరు కొట్టి చూడండి.